దార్లో పాడైపోయిన ట్యూబులు

పార్సిల్లో వెళ్ళిన యాంప్ అవతల విప్పి ఆన్ చెయ్యగానే ఈల వేస్తే తప్పెవరిది? మా షాపులో దీనికి ఆలోచించేవాళ్ళెవరూ లేరు. ప్యాకింగ్ చేసినవాళ్ళది. ప్యాకింగ్ చేసేది నేను, కాబట్టి నాది. పదకొండేళ్ళు ఒక్క పెట్టె కూడా వెనక్కి రాకుండా పంపినదాన్ని. మూడు నెలల్లో నాలుగు పెట్టెలు తిరిగొచ్చేసరికి చేతకానిదాన్నైపోయాను.

షాపు మా తమ్ముడిది. గిటార్ యాంపులు, అదే గిటార్ మోత పెంచే యాంప్లిఫయర్లు, బాగుచేస్తాడు. అవి కూడా మామూలువి కావు, ట్యూబులవి. ట్యూబంటే బొటనవేలంత గాజు బుడ్డి, లోపల సన్నటి తీగలు, రేకులు, అడుగున యాంప్ గుంటల్లో గుచ్చడానికి సూదుల్లాంటి కాళ్ళు. కరెంటు తగిలి కాసేపయ్యాక నారింజ రంగులో వెలుగుతుంది. రేడియోలూ టీవీలూ ఏనాడో వదిలించుకున్న ఈ బుడ్లని గిటార్ వాళ్ళు మాత్రం పట్టుకుని వేలాడుతున్నారు. ఎందుకయ్యా అంటే కళ్ళు మూసుకుని, "ఆ వెచ్చదనం వేరండీ" అంటారు. వెచ్చదనం కావాలంటే దుప్పటి కప్పుకోవచ్చు కదా అని ఒకసారి నోరు జారాను. అప్పట్నుంచి కస్టమర్లు వచ్చినప్పుడల్లా తమ్ముడు నన్ను వెనకగదిలోకి పొమ్మంటాడు.

ఈ బుడ్లు పరమ సుకుమారాలు. లారీలో రెండ్రోజులు కుదిపితే కొన్ని గుంటల్లోంచి ఊడిపోతాయి, కొన్ని చిట్లుతాయి. అది నయం, కంటికి కనబడుతుంది. అసలు దొంగ జబ్బు ఇంకోటుంది. ట్యూబు పైకి నిక్షేపంలా ఉంటుంది, వెలుగుతుంది, లోపల రేకు ఎక్కడో వదులై ఉంటుంది. చిన్నగా పెట్టి వింటే ఏమీ తెలియదు. వాల్యూమ్ పెంచగానే చెవిలో సూది దించినట్టు సన్నటి ఈల మొదలుపెడుతుంది. వాయించేవాడు గిటార్ కింద పెట్టేసినా ఆగదు.

ఆ జబ్బు కనిపెట్టడంలోనే మా తమ్ముడికి పేరొచ్చింది. యాంప్ ఆన్ చేసి, వాల్యూమ్ పెంచి, పెన్సిల్ వెనక రబ్బరుతో ఒక్కో ట్యూబునీ తడతాడు. మంచిదైతే 'టప్' మని ఊరుకుంటుంది. చెడ్డదైతే స్పీకర్లో 'గణ్' మని మోగి ఈల ఎత్తుకుంటుంది. తడుతున్నంతసేపూ తల కొంచెం పక్కకి వంచి, కళ్ళు అరమూసి, అబ్బో, ఆ పోజు చూసి తీరాలి. వాయించేవాళ్ళంతా అతన్ని 'బంగారు చెవి' అంటారు. ఒక కస్టమర్ ఆ రెండు ముక్కలూ అందంగా రాయించి పటం కట్టించి ఇచ్చాడు. తమ్ముడు 'ఎందుకండీ ఇవన్నీ' అంటూనే గోడకి మేకు తనే కొట్టుకున్నాడు.

అతను తట్టి చూసి 'శుభ్రం' అంటే యాంప్ నా బల్ల మీదికొస్తుంది. నేను ప్రతి ట్యూబునీ మెల్లగా అటూ ఇటూ కదుపుతూ ఊడదీసి, దూదిలో చుట్టి, పాత స్వెట్టర్ ముక్క తొడిగి, కోడిగుడ్ల అట్టలో నిలబెడతాను. ఏది ఏ గుంటలోదో కాగితం టేపు మీద నంబరు వేస్తాను. పైన నా చేత్తో ఒక ఉత్తరం పెడతాను. 'ఒకటో నంబరుది ఒకటో గుంటలోనే పెట్టండి. బలవంతంగా తోస్తే కాళ్ళు వంగుతాయి. విప్పిన వెంటనే స్విచ్ వెయ్యకండి, రెండు గంటలు ఆగండి.' ఇంత విడమరిచి రాసినా ఒక మహానుభావుడు రెండోదాన్ని నాలుగో గుంటలో కుక్కి, కాళ్ళు విరగ్గొట్టి, మూడు పేజీల తిట్లు పంపాడు. అందులో రెండు పేజీలు తన సంగీతం ఎంత గొప్పదో చెప్పడానికే సరిపోయాయి.

ఆ తిట్లు నేను లెక్కచెయ్యలేదు. కానీ ఈ నాలుగు పెట్టెలు అలాంటివి కావు. ట్యూబులన్నీ సరైన గుంటల్లోనే ఉన్నాయి, కాళ్ళు వంగలేదు, గాజు చిట్లలేదు. నాలుగింటికీ ఒకే ఫిర్యాదు, ఈల.

"నా చేతిలోంచి శుభ్రంగా వెళ్ళాయి. తట్టి చూసి మరీ ఇచ్చాను. దార్లో పాడైపోయాయి," అన్నాడు తమ్ముడు.

"పదకొండేళ్ళుగా లేనిది ఇప్పుడు దార్లో ఏమొచ్చిందిరా?"

"గుడ్ల అట్టల్లో పెట్టి పంపితే ఏమొస్తుందక్కా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పదకొండేళ్ళూ ఆ గుడ్ల అట్టలే అతని పేరు కాపాడాయి. ఇప్పుడవే అతనికి నామోషీ అయ్యాయి.

మరుసటి వారం మా మరదలి తమ్ముడు దిగాడు. ఏదో గోడౌన్లో ఆర్నెల్లు పనిచేశాడట. ప్రతి మాటకీ ముందు 'సైన్స్ ప్రకారం' అంటాడు కాబట్టి నేను అతన్ని సైన్సు అనే పిలుస్తాను. వచ్చీ రాగానే నా గుడ్ల అట్టని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకని ఎత్తినట్టు ఎత్తి చూశాడు.

"సైన్స్ ప్రకారం ట్యూబులు ఊడదీయనే కూడదు వదినగారూ. ఎక్కడివి అక్కడే ఉంచి చుట్టూ ఫోమ్ పొయ్యాలి, నురగలా పొంగి గట్టిపడుతుంది. ఇంక అది కదలమన్నా కదలదు."

"మరి అవతలివాళ్ళు తియ్యాలంటే?"

"అది వాళ్ళ పని కదండీ."

అతని దగ్గర ఒక స్టిక్కరు కూడా ఉంది. పెట్టెకి అంటిస్తారట. పెట్టె ఎక్కడైనా కింద పడ్డా, గట్టిగా దెబ్బ తగిలినా ఎర్రగా మారిపోతుందట, పడకపోతే తెల్లగానే ఉంటుందట. "మనుషులు అబద్ధాలు చెప్తారు గానీ ఇది చెప్పదండీ," అన్నాడు నా వంకే చూస్తూ.

ఆ సాయంత్రం తమ్ముడు నా బల్ల దగ్గరికొచ్చి మెత్తగా మొదలుపెట్టాడు. "అక్కా, నువ్వింక ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకో. వయసైపోయింది కదా." నాకంటే రెండేళ్ళే చిన్న. వయసు ఆ రెండేళ్ళ సందులోనే నాకు మాత్రం అయిపోయిందన్నమాట.

మా ఆయన పోయిన నెలకి నేను ఈ బల్ల ముందు కూర్చున్నాను. అంతకుముందు నెలంతా ఇంట్లో గోడలతో మాట్లాడుతూ, రెండో కంచం పెట్టి మళ్ళీ తీసేస్తూ గడిపాను. పొద్దున లేవడానికి, తల దువ్వుకోవడానికి, ఎవరినో ఒకరిని తిట్టుకోవడానికి నాకొక చోటు దొరికింది ఇక్కడే. ఈ బల్ల పోతే మళ్ళీ ఆ గోడలే. ఆ భయం తమ్ముడికి చెప్పలేదు, చెబితే జాలిపడతాడు. జాలి నాకు సరిపడదు.

"సరే. నీ సైన్సు కట్టిన మొదటి పెట్టె ఈల లేకుండా చేరితే మారు మాట్లాడకుండా వెళ్ళిపోతాను. ఈల వేస్తే మాత్రం నా బల్ల నాది. తప్పు నాది కాదని అందరి ముందూ నువ్వే చెప్పాలి," అన్నాను.

"అలాగే అక్కా," అన్నాడు. ఎందుకో నా కళ్ళలోకి చూడలేదు.

ఆ మొదటి పెట్టె వేరే ఊరి టీచరమ్మది. చిన్నపిల్లలకి గిటార్ నేర్పుతుంది. ఉన్నది ఆ ఒక్క యాంపే. పిల్లల ప్రోగ్రాం దగ్గరపడిందని, ఒకసారి అంతా చూసి పంపమని ముందుగానే పంపింది. నా ఉత్తరాలకి మంచిగా జవాబు రాసే కస్టమర్ ఆవిడొక్కతే. 'మీ స్వెట్టర్ ముక్కలన్నీ దాచాను, వాటిలో పిల్లలు గిటార్ మీటే ప్లాస్టిక్ బిళ్ళలు పెట్టుకుంటున్నాం' అని ఒకసారి రాసింది.

నా బల్ల సైన్సుకి ఇచ్చేశారు కాబట్టి ఆ రోజు నేను అలమార దుమ్ము దులుపుతున్నాను. సైన్సు ఫోమ్ డబ్బాల కోసం బయటికి వెళ్ళాడు. తమ్ముడు టీచరమ్మ యాంప్ ముందు పోజులో నిలబడి తట్టడం మొదలుపెట్టాడు. మొదటిది, టప్. రెండోది, టప్. మూడోది 'గణ్' మంది. వెనకాలే ఈల లేచింది. నా పళ్ళు జివ్వుమన్నాయి.

"శుభ్రం," అన్నాడు తమ్ముడు.

"ఏంటి శుభ్రం? ఈల వేస్తోంది కదరా!"

"ఏ ఈల?"

"ఆ మూడోదే. మళ్ళీ తట్టు."

మళ్ళీ తట్టాడు. మళ్ళీ గణ్, మళ్ళీ ఈల. తమ్ముడు ట్యూబు వైపు చూడటం లేదు, నా మొహం వైపు చూస్తున్నాడు. "నీకు బీపీ పెరిగి చెవులు గింగురుమంటున్నాయి అక్కా. పోయి కాసిని మంచినీళ్ళు తాగు," అని యాంప్ ఆపేశాడు.

మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళేలోపే నాకు అర్థమైంది. కొన్నాళ్ళుగా తమ్ముడు నేను ఇంటికెళ్ళాకే ట్యూబులు తడుతున్నాడు, ఇవాళ తొందరలో నా ముందే తట్టాడు. నాలుగు పెట్టెలూ దార్లో పాడవలేదు. ఈల వేసుకుంటూనే నా బల్ల మీదికొచ్చాయి, నేను వాటిని దూదిలో చుట్టి జోకొట్టి పంపించాను. ముప్పై ఏళ్ళుగా ఆ చెవి మీద బతుకుతున్నవాడికి ఆ చెవి పోయింది.

అప్పుడే గొంతెత్తి ఆ మాట చెప్పాల్సింది. చెప్పలేదు. తమ్ముడి పరువు పోతుందనా? అంత మంచిదాన్ని కాను. నాకు గెలవాలనుంది. ఆ మూడో ట్యూబు ఈల వేసుకుంటూ వెళ్తుంది, ఈల వేసుకుంటూ తిరిగొస్తుంది, నా బల్ల నాకొస్తుంది. టీచరమ్మ గుర్తు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చింది. తిరిగి పంపితే ఇంకోసారి బాగుచేసిస్తాం, ఏమైపోతుందిలే అనుకుని ఆవిడని పక్కకి నెట్టేశాను.

సైన్సు వచ్చి ఫోమ్ పోశాడు. అది బుసబుస పొంగి పెట్టె దాటి బల్ల మీదికి, అక్కణ్ణుంచి అతని చొక్కా మీదికి పాకింది. మిగిలింది గీకి, మూత బిగించి, తెల్ల స్టిక్కరు అంటించి, పెట్టె పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. నేనే తీశాను. బాగా వచ్చింది.

తొమ్మిది రోజుల తర్వాత, మంగళవారం పొద్దున, టీచరమ్మ తనే వచ్చింది. సన్నటి మనిషి. అద్దె బండి డ్రైవరు ఒకపక్కా తనొకపక్కా పట్టుకుని పెట్టెని లోపలికి తెచ్చి దించారు. నేను వెనకగదిలోకి వెళ్ళలేదు, తమ్ముడూ పొమ్మనలేదు.

"ప్రోగ్రాం రోజు మధ్యాహ్నం వచ్చిందండీ పార్సిల్. ఆ ఫోమ్ చెంచాతో తవ్వుకునేసరికి గంటన్నర పట్టింది," అంది.

"సైన్స్ ప్రకారం..." అని సైన్సు మొదలుపెట్టాడు.

"ఫోమ్ సంగతి వదిలెయ్యండి బాబూ." కోపంగా కాదు, అలిసిపోయినట్టు అంది. "ఇంట్లో చిన్నగా పెట్టి చూస్తే బాగానే ఉంది. స్టేజీ మీద పెంచగానే మొదలైంది. మొదట వాయించాల్సింది ఎనిమిదేళ్ళ పిల్ల. నాలుగు నెలలు ఒక్కటే పాట సాధన చేసింది. పాట మొదలుపెట్టగానే ఈల. ముందు వరసలో అందరూ చెవులు మూసుకున్నారు. ఆ పిల్ల ఆపేసి నా వైపు తిరిగి, 'నేను తప్పు వాయించానా మిస్?' అంది మైకులోనే. ఎవరో నవ్వారు. గిటార్ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి క్లాసుకి రావటం లేదు."

నేను గెలిచాను. పెట్టె ఈల వేసుకుంటూ తిరిగొచ్చింది. తొమ్మిది రోజులుగా ఏ నిమిషం కోసం ఎదురుచూశానో ఆ నిమిషం వస్తే, నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"దార్లో దెబ్బ తగిలుంటుందండీ," అన్నాడు తమ్ముడు.

సైన్సు గభాల్న వంగి పెట్టె పక్కన స్టిక్కరు చూశాడు. మొహం వెలిగిపోయింది. "లేదు బావా! తెల్లగానే ఉంది! ఒక్క దెబ్బ కూడా తగల్లేదు! చూశారా, వదినగారూ, నా ప్యాకింగు!" షాపులో ఉన్నవాళ్ళలో తనేం రుజువు చేశాడో తెలియనిది అతనొక్కడికే.

తమ్ముడికి లారీ సాకు పోయింది. "అయితే మీ స్టేజీ దగ్గర కరెంటు బాగుండి ఉండదు. ఇక్కడ పెట్టి చూపిస్తాను," అని యాంప్ బల్ల మీద పెట్టి, ఆన్ చేసి, ట్యూబులు వేడెక్కేదాకా ఆగి, వాల్యూమ్ పైకి తిప్పాడు.

ఈల లేచింది. సైన్సు రెండు చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. టీచరమ్మ భుజాలు పైకి బిగించింది. నేను పళ్ళు కరుచుకున్నాను. మా మధ్యలో తమ్ముడు తల పక్కకి వంచి, కళ్ళు అరమూసి, హాయిగా వింటున్నాడు.

"ఎక్కడుందండీ ఈల? శుభ్రం," అన్నాడు.

ఇక ఉండలేకపోయాను. ముందుకెళ్ళి స్విచ్ ఆపేశాను. తమ్ముడు కళ్ళు తెరిచాడు. సైన్సు చెవుల్లోంచి వేళ్ళు తీయడం చూశాడు. టీచరమ్మ భుజాలు కిందికి దిగడం, గుండెల నిండా ఊపిరి పీల్చుకోవడం చూశాడు.

"మీకు వినబడటం లేదాండీ?" అంది టీచరమ్మ. ఎత్తిపొడుపు కాదు, మంచికే అడిగింది. అదే పెద్ద దెబ్బ.

"టీచరమ్మగారికి టీ తెప్పించు," అని సైన్సుతో చెప్పి తమ్ముడు విసవిసా వెనకగదిలోకి వెళ్ళిపోయాడు. నేను వెంట వెళ్ళి తలుపు మూశాను.

"ఎప్పట్నుంచిరా?"

"ఆ?"

"ఎప్పట్నుంచి అంటున్నాను!"

"పోయిన వానాకాలం నుంచి." ఎటో చూస్తూ చెప్పాడు. "డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాను. సన్నటి శబ్దాలు పోయాయట. ఇంక రావట."

"అంటే నీకు తెలుసన్నమాట! తెలిసే నా మీద వేశావా?"

"ఇంకెవరి మీద వెయ్యనక్కా? నా చెవి పోయిందని చెబితే ఈ గుమ్మం ఎవరు తొక్కుతారు? లారీవాళ్ళ మీద వేస్తే రుజువడుగుతారు. నువ్వైతే తిట్టి ఊరుకుంటావనుకున్నాను."

"ఊరుకున్నదాన్ని ఇంటికెందుకు పొమ్మన్నావురా మరి?" తగ్గించి మాట్లాడితే అతనికి అందదు, అందుకని ఇద్దరం అరుచుకుంటున్నాం.

"నీకు వినబడుతుంది కాబట్టి! పక్కనే ఉంటే ఎప్పుడో ఒకప్పుడు కనిపెట్టేస్తావని! వేరే ఏ కారణం లేదు. నీ ప్యాకింగ్‌లో నాకు ఎప్పుడూ తప్పు కనబడలేదు."

ఏడుపొచ్చింది నాకు. చెంప పగలగొట్టాలనీ అనిపించింది. ఏది ముందు చెయ్యాలో తేల్చుకునేలోపే అతను ఇంకో మాట అన్నాడు.

"ఆ రోజు కనిపెట్టేశావు కదా. మూడోది మళ్ళీ తట్టినప్పుడు నీ మొహం చూస్తేనే అర్థమైంది. ఇంక అయిపోయింది, అందరికీ చెప్పేస్తావనుకున్నాను. నువ్వు మాట్లాడలేదు. పెట్టె కడుతుంటే చూస్తూ కూర్చున్నావు. ఎందుకు అక్కా?"

నేను ఇంతకాలం ఎంతమందిని వెక్కిరించానో నాకే లెక్క లేదు. ఆ ప్రశ్నకి మాత్రం నా దగ్గర వెక్కిరింపు లేదు.

"తిరిగి రావాలని. నా బల్ల నాకు రావాలని. చాలా?" అన్నాను. అది కూడా అరిచే చెప్పాను.

తలుపు తీసుకుని ముందుగదిలోకి వచ్చాం. మధ్యలో ఉన్నది వేలెడు మందం లేని చెక్క. టీచరమ్మ ఇందాక నిలబడిన చోటే నిలబడి ఉంది. సైన్సు చేతిలో రెండు టీ గ్లాసులు పట్టుకుని నేల వంక చూస్తున్నాడు.

"ఆ పిల్లకి నేనేం చెప్పానో తెలుసా మీకు? 'యాంప్ దార్లో పాడైపోయిందమ్మా, ఇందులో ఎవరి తప్పూ లేదు' అని చెప్పాను. నమ్మలేదు. తన తప్పేనంటోంది," అంది టీచరమ్మ.

నేను కొత్త ట్యూబుల డబ్బా ముందుకు లాక్కున్నాను. "కూర్చోండమ్మా, మూడోది ఇప్పుడే మార్చేస్తాను."

"మార్చండి. అన్నీ తట్టండి, నేను కూడా వింటాను." ఆవిడ కూర్చోలేదు. "శనివారం పదింటికి క్లాసు. మీరిద్దరూ రండి. ముందు ఆ పిల్ల ఇంటికి వెళ్దాం."

తమ్ముడు ఆవిడ పెదవుల వంకే చూస్తూ విన్నాడు. "నేనొచ్చి ఏం చెప్పాలండీ?"

"ఇందాక లోపల చెప్పుకున్నారు కదా, అదే," అంది టీచరమ్మ. "అంత గట్టిగానే చెప్పండి. ఆ పిల్లకి వినబడాలి."